పద్దెనిమిది ఊపిరులు

దగ్గరికి వచ్చి కూర్చో బిడ్డా. ఆ కుర్చీ వద్దు, దాని కాలు కదులుతుంది. ఈ మంచం పట్టె మీదే కూర్చో. ఇది గట్టిగా చెప్పే మాట కాదు. నువ్వు నర్సు చదువు చదివే పిల్లవైతే నీకే ఎక్కువ పనికొస్తుంది. కాకపోయినా పర్వాలేదు, ఊపిరి తీసే ఎవరికైనా అర్థమవుతుంది.

నా దగ్గర ఒక బరువు ఉంది. తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. ఎట్లా ఉంటుందో చెప్పమంటే, ఛాతీ మీద ఎవరో తడిబట్ట పరిచి మరిచిపోయినట్టు ఉంటుంది. పనిలో ఉంటే తెలియదు. వెల్లకిలా పడుకుంటే తెలుస్తుంది. ఊపిరి తీసిన ప్రతిసారీ ఆ బట్ట నాతోపాటు లేస్తుంది, నాతోపాటు దిగుతుంది.

నువ్వు నిజంగా ఎదురుగా లేవని నాకు తెలుసు. ఉన్నావనుకుని రాస్తున్నాను. నా చదువు మూడో తరగతి దగ్గర ఆగింది, అందుకని మెల్లగా రాస్తున్నాను. పిల్లలు చదువయిపోయి పారేసిన ఒక రికార్డు పుస్తకం దొరికింది. ముందు పేజీల్లో గుండె బొమ్మ, ఊపిరితిత్తుల బొమ్మ రంగు పెన్సిళ్ళతో వేసి ఉన్నాయి. వెనక పేజీలు ఖాళీ. నా మాటలు ఆ ఊపిరితిత్తుల వెనక పడుతున్నాయి. పడనీ.

తెలంగాణ వచ్చిన కొత్తలో, జడ్చర్ల దాటినాక రోడ్డు పక్కన ఒక కిరాయి బిల్డింగులో నర్సింగ్ స్కూలు ఉండేది. పేరు చెప్పను. ఇప్పుడది అక్కడ లేదు కూడా. అందులో ఆయాగా చేరాను. గదులు కడగడం, దుప్పట్లు ఉతికి ఆరేయడం, పిల్లలు వాడిన ట్రేలు తోమి బోర్లించడం నా పని. పిల్లలు చేతిపని నేర్చుకునే గదిని ప్రాక్టికల్ గది అనేవాళ్ళు. నాలుగు ఇనుప మంచాలు, ఒక అద్దాల బీరువా, రోగికి బదులుగా పడుకోబెట్టే ఒక ప్లాస్టిక్ బొమ్మ. ఆ బొమ్మకు కుడి చెయ్యి భుజం దగ్గర ఊడిపోయింది. ఎడమ చెయ్యి ఉంది గానీ అది వంగదు. చెయ్యి వంగని బొమ్మకు దుస్తులు మార్చడం ఎట్లా నేర్పుతారు? నాడి లేని బొమ్మకు నాడి చూడడం ఎట్లా నేర్పుతారు?

ఒకరోజు ప్రాక్టికల్ మేడం నన్ను చూసి అన్నది: “ఆయమ్మా, జర గా మంచం మీద పండుకో. ఊకె పండుకునుడే. ఏం పని లేదు.”

అట్లా నేను రోగినయ్యాను. జ్వరం లేని రోగిని. నెలకు పది పన్నెండు రోజులు ఆ మంచం మీద పడుకునేదాన్ని.

ఆ పడుకోవడం గురించి చెప్పకపోతే మిగిలింది నీకు అర్థం కాదు. జీవితంలో పగటిపూట వెల్లకిలా పడుకున్నది అప్పుడే. తెల్ల దుప్పటి, పైన మెల్లగా తిరిగే ఫ్యాను, స్పిరిట్ వాసన. కళ్ళు మూసుకుంటే పిల్లల గొంతులు నీళ్ళ అవతలి నుంచి వచ్చినట్టు వినిపించేవి. మా ఊరు కొల్లాపూర్ అవతల కృష్ణ ఒడ్డున ఉండేది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడే డ్యాం నీళ్ళు వచ్చి మునిగింది. ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోయినప్పుడు గోడల మొదళ్ళు తేలేవి. మా అవ్వ దంచిన రోలు బురదలోంచి నోరు తెరుచుకుని కనిపించేది. ఆ మంచం మీద సగం నిద్రలో నేను ఆ ఊరికే పోయేదాన్ని. నీళ్ళ కింద వీధుల్లో నడిచేదాన్ని. పైనుంచి పాఠం వినిపిస్తూనే ఉండేది. ముట్టుకునే ముందు రోగికి చెప్పాలి. చేతులు కడుక్కోవాలి, వేళ్ళ సందులు మరువద్దు. ఒళ్ళు తుడిచే నీళ్ళ వేడి మోచేత్తో చూడాలి. కన్ను ముక్కు వైపు నుంచి చెవి వైపు తుడవాలి, తుడిచిన మూలతో మళ్ళీ తుడవద్దు. మంచం మీద రోగి ఉండగానే దుప్పటి మార్చాలంటే ముందు ఒక పక్కకు ఒత్తిగిలించాలి. ఇవన్నీ నేను చదవలేదు. నా మీద నుంచి పోయాయి. ఏటి నీళ్ళు రాయి మీద నుంచి పోయినట్టు పోయి, గుర్తు మిగిల్చాయి.

కళ్ళు తెరవకుండానే చెయ్యి ఎవరిదో చెప్పేదాన్ని. లావణ్య చెయ్యి తడిగా ఉండేది, భయం ఎక్కువ. ఒకమ్మాయి గోరు గుచ్చేది. ఒకమ్మాయి మణికట్టు పట్టుకుని కిటికీలోంచి బస్సులు చూసేది. రేణుక చెయ్యి మాత్రం వేరు. మూడు వేళ్ళు పెట్టేది, బొటనవేలు ఎప్పుడూ పెట్టలేదు. బొటనవేల్లో మన నాడే కొట్టుకుంటుంది, రోగిదనుకుని మనదే లెక్కపెడతామని మేడం చెప్పింది కదా. ఒకసారి చెప్తే ఆ పిల్లకు చాలు. మెల్లగా ముట్టుకునేది, గువ్వ వచ్చి వాలినట్టు. “పెద్దమ్మా, నాడి చూస్త” అని ప్రతిసారీ చెప్పి మరీ పట్టుకునేది. మిగతా అందరికీ నేను ఆయమ్మను. రేణుకకు పెద్దమ్మను.

నాగర్‌కర్నూల్ దిక్కు పల్లె ఆమెది. తండ్రి గొర్లు కాస్తాడు. బక్క పిల్ల, రెండు జడలు, మాట తక్కువ. కానీ చూసింది చూసినట్టు చెప్పేది. అదే ఆ పిల్ల గుణం. నాకు కోపం తెప్పించింది కూడా అదే.

ఆ రోజు తల దువ్వే పాఠం. మంచంలో లేవలేని రోగికి జడ ఎట్లా విప్పాలి, చిక్కు ఎట్లా తీయాలి అని. నా తల రేణుకకు వచ్చింది. చుట్టూ పదిహేను మంది పిల్లలు. నేను కళ్ళు మూసుకుని నీళ్ళ కింది ఊళ్ళో ఉన్నాను. దువ్వెన ఆగింది. పైనుంచి రేణుక గొంతు, రికార్డులో రాసినంత నిమ్మళంగా:

“మేడం, పెద్దమ్మ తలల పేన్లున్నయి. ఈపులు గూడ.”

గది నవ్వింది. లావణ్య ఊరుకుంటుందా? “ఆయమ్మ నెత్తి మీద జాతర నడుస్తాందే” అన్నది. మేడం కూడా పెదవి బిగించుకున్నది, నవ్వు ఆపుకోవడానికి. తర్వాత మేడం ఏం చేసిందో తెలుసా? పేన్ల మందు పెట్టే పాఠం పై నెలలో ఉంటే ముందుకు జరిపింది. దొరికిన తల ఉంది కదా. నా తలకు గుడ్డ చుట్టి, కళ్ళ మీద దూది పెట్టి, మందు రాసి, పాయ పాయ విడదీసి పదిహేను మందికి చూపించింది. దూది కింద నా కళ్ళు మండాయి. మందువల్ల కాదు.

నిజం చెప్పాలి కదా. ఆ తర్వాత మూడు సాయంత్రాలు రేణుకే వచ్చి నా తల దువ్వింది. వెనక మెట్ల మీద నన్ను ముందు కూర్చోబెట్టుకుని, సన్న దువ్వెనతో, ఒక్కొక్క ఈపి గోటితో లాగి తీసింది. “చెప్పకుంటె పేన్లు తక్కువ గావు గద పెద్దమ్మా” అన్నది. తప్పు చేశాననే మాట ఆ గొంతులో లేదు. తప్పు చేయలేదు కూడా. నాకది తెలుసు. తెలిసీ మనసులో ఏదో గడ్డకట్టింది. ఆ చేతులు తల మీద ఉంటే హాయిగా ఉండేది, ఆ హాయికే కోపం వచ్చేది. నన్ను నలుగురిలో దించి, ఎవరూ లేనప్పుడు సముదాయిస్తుందా అనుకున్నాను. అంత చిన్న బుద్ధిదాన్నా నేను? అంత చిన్నదాన్నే.

ఇప్పుడు ఊపిరి సంగతి చెప్పాలి. నాడి లెక్కపెడుతున్నానని రోగికి చెప్పవచ్చు. ఊపిరి లెక్కపెడుతున్నానని మాత్రం చెప్పవద్దు. చెప్తే రోగి ఊపిరి తన చేతిలోకి తీసుకుంటాడు. మెల్లగా చేస్తాడు, గట్టిగా చేస్తాడు, బిగపడతాడు. అందుకని ఏం చేయాలంటే, నాడి లెక్క అయిపోయినా మణికట్టు వదలకుండా, ఇంకా నాడే చూస్తున్నట్టు నటిస్తూ, ఛాతీ చూడాలి. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. నిమిషం నిండా చూడాలి. పెద్దవాళ్ళకు పదహారు నుంచి ఇరవై దాకా ఉండవచ్చు. ఈ పాఠం నా మణికట్టు పట్టుకుని ఎన్నిసార్లు చెప్పారో. రోగికి తెలియకూడని రహస్యం రోగి చెవిలోనే చెప్పుకున్నారు. మంచం మీద ఉన్నది వింటుందని ఎవరూ అనుకోలేదు.

నా ఊపిరి పద్దెనిమిది. అందరికీ తెలుసు. పిల్లలు లెక్కపెట్టడం కూడా మానేశారు. ఆయమ్మా? పద్దెనిమిది. రాసెయ్.

పెద్ద పరీక్ష వచ్చింది. బయటి నుంచి ఒక మేడం వచ్చింది, తెల్లచీర, మెడలో కళ్ళద్దాల గొలుసు. ఒక్కొక్క పిల్లను పిలిచి ట్రే పెట్టించి, నా మంచం దగ్గర జ్వరం, నాడి, ఊపిరి, బీపీ చూపించి మార్కులు వేస్తుంది. పొద్దున్నే మొదట తనే వచ్చి నా మణికట్టు పట్టుకుని తన కాగితంలో రాసుకున్నది. పద్దెనిమిది. పిల్లలు తలుపు బయట వరసగా నిలబడి ఉన్నారు. లోపలికి వచ్చి పోయిన పిల్ల బయటి పిల్లకు చెప్తున్నది. అన్నీ నాకు వినిపిస్తున్నాయి.

రేణుక వంతు వచ్చింది. తలుపు దగ్గర లావణ్య గుసగుసగా అన్నది: “పద్దెనిమిది రాయవే. ఆయమ్మది ఎప్పుడన్న మారిందా?”

“మారిందో లేదో చూస్తె గద తెలిసేది” అన్నది రేణుక.

ఆ మాట నాలో ఎక్కడో తగిలింది. చూస్తే కదా తెలిసేది. నా తలలో కూడా చూసి తెలుసుకున్నావు కదా బిడ్డా అనుకున్నాను. అయితే చూడు.

ముందే అనుకుని చేశానా? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్న మాట ఇది. ఒక్కోసారి లేదంటాను, సగం నిద్రలో ఉన్నానంటాను, ఒళ్ళు దానంతటది చేసిందంటాను. నిజమే, నేను నీళ్ళ కింది ఊళ్ళోనే ఉన్నాను. ఏటి గడ్డ మీద చిన్నపిల్లనై పరుగెత్తుతున్నాను, నెత్తిన బిందె ఉంది, వెనక నీళ్ళు వస్తున్నాయి. కానీ ఆ కలలోకి నన్ను నేనే తోలుకుని పోయాను. ఆ వేళ్ళు మణికట్టు మీద ఉన్నాయి. నాడి లెక్క అయిపోయింది, తెలిసింది నాకు. వేళ్ళ ఒత్తిడి కొంచెం తగ్గింది, చూపు ఛాతీ మీదికి మారింది. మూసిన కళ్ళ మీద కూడా ఆ చూపు తెలుస్తుంది. బయటి మేడం అవతలి మంచం దగ్గర ఇంకో పిల్ల ట్రే చూస్తూ వీపు తిప్పి ఉంది. అప్పుడు మొదలుపెట్టాను. గడ్డ ఎక్కే పిల్ల ఊపిరి. ఒకటి, రెండు, మూడు. ముక్కుతోనే, చప్పుడు లేకుండా, ఛాతీ మాత్రం గబగబా లేచేట్టు. నిమిషం నిండా. ఎన్నో నేనూ లెక్కపెట్టుకుంటున్నాను. నిద్రలో ఉన్న మనిషి లెక్కపెట్టుకుంటుందా?

రేణుక వేళ్ళు తీయలేదు. మళ్ళీ చూడాలనుకున్నదేమో. ఇంతలో బయటి మేడం పిలిచింది. రేణుక కాగితం చూసి చదివింది: “జ్వరం తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. నాడి డెబ్బై ఆరు. ఊపిరి ఇరవై ఎనిమిది.”

మేడం తన కాగితం తీసి చూసుకున్నది.

“ఇరవై ఎనిమిదా?” అన్నది మేడం. “పొద్దటి నుంచి పద్దెనిమిది ఉన్న మనిషికి ఇరవై ఎనిమిది ఎట్లైతది? లెక్కపెట్టినవా, రాసుకున్నవా?”

“లెక్కపెట్టిన మేడం. నిమిషం నిండ చూసిన.”

మేడం వచ్చి నా మణికట్టు పట్టుకున్నది. అప్పటికి నేను గడ్డ దిగి వచ్చేశాను. నీళ్ళు నిలిచిపోయినట్టు ఊపిరి నిలబెట్టాను. మెల్లగా లేపి, మెల్లగా దించాను. పద్దెనిమిది. ఒకటి అటూ ఇటూ కాలేదు. తొమ్మిదేళ్ళయినా ఆ నిమిషంలో ప్రతి ఊపిరీ నాకు గుర్తుంది.

మేడం వంగి అడిగింది: “అమ్మా, నీకు ఆయాసం గిట్ల ఏమన్న వచ్చిందా ఇప్పుడు?”

కళ్ళు తెరిచాను. మేడం వెనక రేణుక ముఖం. ఆ ముఖంలో భయం లేదు. నేను నిజం చెప్తానని నమ్మకం ఉంది.

“ఏం లేదు మేడం. ఊకె పండుకున్న.”

అయిదు మాటలు. అంతే.

“లేనిది పుట్టించి రాసుడు నర్సు పని కాదు” అన్నది మేడం రేణుకతో. కోపంగా కూడా అనలేదు. “రేపు వార్డుల గిట్లనే రాస్తె మనిషి పానం పోతది.” కాగితం మీద అడ్డంగా గీత గీసింది. ఆ రోజు లెక్కపెట్టకుండా పద్దెనిమిది రాసినవాళ్ళందరూ పాసయ్యారు. లెక్కపెట్టిన ఒక్క పిల్ల తప్పింది.

సాయంత్రం నల్లా దగ్గర దుప్పట్లు పిండుతుంటే రేణుక వచ్చింది. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది, ముందు వెంట్రుకలు తడిగా ఉన్నాయి.

“పెద్దమ్మా, ఒక్కటి చెప్పు. నీకు ఆయాసం రాలే?”

“నాకేం ఎరుక బిడ్డా. కండ్లు మూసుకుని పండుకున్న.”

“నేను చూసిన పెద్దమ్మా. నీ ఎద గిట్ల గిట్ల ఆడింది.” అరచెయ్యి తన ఛాతీ మీద పెట్టి ఎట్లా ఆడిందో చూపించింది. సరిగ్గా అట్లాగే ఆడింది.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. బయటి నుంచి వచ్చిన మేడం ఇంకా ఆఫీసు గదిలోనే ఉంది, టీ తాగుతున్నది. పది అడుగులు. ఏం చేశాను? దుప్పటి రెండో కొస ఆమె చేతికి ఇచ్చాను, పిండడానికి.

“పొద్దటి నుంచి ఏం తిన్లేవు గద” అన్నాను. “కండ్లు తిరిగినయేమో.”

చూడు బిడ్డా, అబద్ధం ఒకసారి ఆడితే అదొక తప్పు. నేను ఆ పిల్లకు తన కళ్ళను అనుమానించడానికి కారణం కూడా అందించాను, అక్కర ఉన్నట్టు, ప్రేమగా. ఆమె ఆ కొస పట్టుకుని చాలాసేపు మెలిపెట్టింది. నీళ్ళన్నీ కారిపోయినా వదల్లేదు.

“అయితె నా కండ్లదే తప్పు” అన్నది.

ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష. అందాక ఇంట్లో కూర్చోలేక రేణుక జడ్చర్ల దగ్గర మందుల ఫ్యాక్టరీలో గోళీల డబ్బాలకు మూతలు పెట్టే పనికి పోయిందని విన్నాను. పరీక్ష రోజులకు నేను సెలవు పెట్టి కొల్లాపూర్‌లో మా అక్క ఇంటికి పోయాను. మోకాళ్ళ నొప్పులన్నాను. ఆ వేళ్ళు మళ్ళీ నా మణికట్టు మీద పడితే ఏమవుతానో అని భయం. ఎండాకాలం అది. అక్కతో కలిసి ఏటి దాకా పోయాను. నీళ్ళు వెనక్కి పోయి ఉన్నాయి. మా ఇంటి రోలు తేలి ఉంది. దాని నోట్లో బురద ఎండి పగిలింది. ఎంతసేపు చూశానో తెలియదు. మునిగింది మునిగినట్టే ఉంటుందనుకుంటాం. ఏటా ఒకసారి బయటికి వచ్చి అట్లా చూస్తుంది.

రేణుక పాసైందని తర్వాత తెలిసింది. అమ్మయ్య అనుకున్నాను. ఇక అయిపోయిందనుకున్నాను. ఆ మాటే నిజమైతే ఈ పుస్తకం ఇట్లా పాడుచేసేదాన్ని కాదు.

రెండేళ్ళ కింద నాకు నెమ్ము చేసింది. ఊపిరితిత్తుల్లో. స్కూలు మూతపడి అప్పటికి చాలా రోజులైంది. పాలమూరులో ఒక దవాఖానలో పడేశారు. ఈసారి నిజం రోగిని. ముక్కుకు గొట్టం, ఛాతీ నా మాట వినడం లేదు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీద పడింది. ఆ ఎండలోనే మణికట్టు మీద మూడు వేళ్ళు వాలాయి. గువ్వ వాలినట్టు. కళ్ళు తెరవలేదు. తెరవక్కర్లేదు.

“పెద్దమ్మా, నాడి చూస్త.”

నాడి అయిపోయింది. వేళ్ళు వదల్లేదు. చూపు ఛాతీ మీదికి మారింది. ఆ చూపు కింద నేను దాచుకోవడానికి ఏం లేదు. గడ్డ ఎక్కే పిల్ల ఊపిరి నిజంగానే వచ్చేసింది, నేను తెప్పించకుండానే. నిమిషం నిండా చూసింది. రాయలేదు. మళ్ళీ నిమిషం చూసింది. అప్పుడు కూడా రాయలేదు. వార్డు చివర ఉన్న ఇంకో సిస్టరును పిలిచింది: “అక్కా, జర వచ్చి ఈమె ఊపిరి చూడవా? నాకు ముప్పై నాలుగు వస్తాంది. నువ్వు గూడ చూడు.”

ఆ సిస్టరు సూదిమందు ఇచ్చి వచ్చే దాకా రేణుక నా మణికట్టు పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆమె వచ్చి చూసి ముప్పై నాలుగే అన్నది. అప్పుడు రాసింది. అప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. “ఊకె పిలుస్తవే నన్ను, నీది ఎప్పుడన్న తప్పు పోయిందా?” అని ఆ సిస్టరు గొణుక్కుంటూ పోయింది.

నాలుగు రోజులకు నేను లేచి కూర్చున్నాను. రేణుక తీరిక దొరికినప్పుడు వచ్చి నా తల దువ్వేది. “ఇప్పుడు జాతర లేదు పెద్దమ్మా” అని నవ్వింది. నేనూ నవ్వాను. అట్లా దువ్వుతూ తనే చెప్పింది, నేను అడగలేదు.

“రెండోసారి పరీక్షల నేను చూడనే లేదు పెద్దమ్మా. ఒక పిల్లను పండుకోబెట్టిన్రు. మణికట్టు పట్టుకున్న, గడియారం చూసిన, పద్దెనిమిది రాసిన. పాసైన. అరె, గింత అల్కగనా అనుకున్న. అప్పటికెల్లి ఎక్కడ పని చేసినా గంతే. ఇరవై మంది రోగులు, ఇరవై పద్దెనిమిదులు. నా కండ్లు ఎట్లాగు తప్పే గద. రెండేండ్లు గట్లనే రాసిన. ఒకనాడు ఒక తాత...”

దువ్వెన ఆగింది. నా జడ ఆమె చేతిలోనే ఉంది.

“అప్పటికెల్లి రెండుసార్లు చూస్త” అన్నది. “ఇంకొకర్ని గూడ పిలుస్త.” మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది.

ఆ తాతకు ఏమైందో నేను అడగలేదు. అడగకుండానే తెలిసింది. ఆయన పేరు నాకు తెలియదు, ఊరు తెలియదు. ఏదో వార్డులో, ఏదో మంచం మీద ఆయన ఛాతీ గబగబా లేస్తూ ఉండి ఉంటుంది. కాగితం మీద నా ఊపిరి రాసి ఉంటుంది. పద్దెనిమిది. అది ఆయనది కాదు. అది నాది. నా మంచం మీద నుంచి లేచి అక్కడి దాకా పోయింది.

ఆ దవాఖానలో ఇంకో వారం ఉన్నాను. రోజూ రేణుక వచ్చింది. రోజూ చెప్పాలనుకున్నాను. ముక్కుకు గొట్టం ఉందని ఒకరోజు చెప్పలేదు. గొట్టం తీసేశారు. పక్క మంచం ఆమె వింటుందని ఒకరోజు చెప్పలేదు. ఆమె ఇంటికి పోయింది. నేను ఇంటికి పోయే రోజు నా చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టింది రేణుక. వంగిన ఆ తల మీద చెయ్యి పెట్టాను. నోరు తెరిచాను. “చల్లగ ఉండు బిడ్డా” అన్నాను. అంతే వచ్చింది. నేను దీవించాల్సిన మనిషినా?

ఎందుకు చెప్పలేకపోయాను? ఆ పిల్ల ప్రేమ పోతుందనా? అదీ ఉంది. ఇంకొకటి ఉంది, అది రాయడం కష్టం. నీ కళ్ళు ఆ రోజు సరిగ్గానే చూశాయని చెప్తే, మరి ఆ తర్వాత రెండేళ్ళు ఎందుకు మూసుకున్నావని ఆమె తనను తాను అడుక్కుంటుంది. నా బరువు దించుకుంటూ ఆమెకు ఎత్తినట్టవుతుందని భయం. ఇది దయనా, పిరికితనానికి వేసిన దుప్పటా? మూలలు బాగా మడిచి వేశాను, ముడత కనిపించకుండా. పాఠం బాగా విన్నదాన్ని కదా.

ఈ పుస్తకం ఆమెకు ఇస్తానా? ఈ మాట రాస్తున్నప్పుడు కూడా తెలియదు. ఇవ్వాలి. ఆమె కళ్ళు ఆమెకు తిరిగి ఇవ్వాల్సింది నేనే, ఇంకెవరూ ఇవ్వలేరు. ఆ రోజు ఇరవై ఎనిమిది. నువ్వు చూసింది నిజం, రేణుకా. ఒకటి ఎక్కువ కాదు, తక్కువ కాదు, నేనూ లెక్కపెట్టాను. ఈ మాట కాగితం మీద పడడం ఇదే మొదటిసారి. తడిబట్ట లేవలేదు, అట్లాగే ఉంది. కానీ ఒక కొస తొలగి అక్కడ గాలి తగులుతున్నట్టుంది.

ఇప్పుడు పడుకుంటాను. నా ఊపిరి ఇప్పుడు ఎంత ఉందో నేను చూసుకోలేను బిడ్డా. చూసుకుందామని అనుకున్న క్షణం నుంచి అది అబద్ధం మొదలుపెడుతుంది, నాకు తెలుసు. నా మణికట్టు ఇదిగో. మూడు వేళ్ళు పెట్టు, బొటనవేలు వద్దు. నాడి చూస్తున్నట్టే ఉండు. నాకు చెప్పకుండా లెక్కపెట్టు. ఎంత వస్తే అంత రాయి.

నీ ఇంట్లో పొయ్యి ఆరకుండా ఉండాలి. నీ ఇంట్లో పడుకున్నవాళ్ళు పొద్దున్నే వాళ్ళంతట వాళ్ళే లేవాలి. ఎవరి ఊపిరీ ఎవరూ లెక్కపెట్టే అవసరం మీ గడపలోకి రాకూడదు. ఒకవేళ వస్తే, నిమిషం నిండా చూసే చెయ్యి దొరకాలి మీకు. దాన్ని నమ్మే మనుషులు ఆ చేతికి దొరకాలి.